స్టాక్ హద్దు అడిగితే టీఎల్‌ఎస్ కూడా వచ్చింది: ఒక జీసీ క్రాష్ కేసు

నేపథ్యం

ఇది ఒక సర్వర్ ప్రోగ్రామ్ కేసు. ఎవరి ప్రోగ్రామో, ఏ పనికి వాడతారో చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మెమరీకి సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. లైనక్స్ మీద, ఎక్స్86-64 మెషీన్ల మీద, జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీతో నడుస్తుంది. లోపల ఒక స్క్రిప్ట్ రన్‌టైమ్ (స్క్రిప్ట్‌లని నడిపే భాగం) ఉంది, దానికి సొంత గార్బేజ్ కలెక్టర్ ఉంది. ఇక వాడని ఆబ్జెక్ట్‌లని ఏరి ఆ మెమరీని తిరిగి వాడకానికి ఇచ్చేది అదే, ఆ పనిని జీసీ అంటాం. ఈ కలెక్టర్ కన్సర్వేటివ్ రకం. అంటే ఏది పాయింటరో ఏది మామూలు సంఖ్యో దానికి తెలియదు. ప్రతి థ్రెడ్ స్టాక్‌లోనూ (నడుస్తున్న ఫంక్షన్లు తమ విలువలు పెట్టుకునే మెమరీ) ఎనిమిదేసి బైట్ల చొప్పున చూసుకుంటూ పోతుంది. ఆ విలువ తన హీప్‌లో ఏదో ఒక ఆబ్జెక్ట్ చిరునామాలా కనిపిస్తే "ఇది ఇంకా బతికే ఉంది" అనుకుంటుంది. ఎక్కడా కనిపించకపోతే ఆ ఆబ్జెక్ట్ పోయినట్టే.

కాబట్టి దానికి ప్రతి థ్రెడ్ గురించీ ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఈ థ్రెడ్ సొంత మెమరీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? రన్‌టైమ్ రాసినవాళ్లు దీన్ని "స్టాక్ ఎక్కడుంది" అని అర్థం చేసుకున్నారు. నిజానికి థ్రెడ్ సొంత మెమరీలో ఇంకో ముక్క ఉంది, థ్రెడ్ లోకల్ స్టోరేజ్. దీన్ని టీఎల్‌ఎస్ అంటాం. (నెట్‌వర్క్ వాళ్లు అవే మూడక్షరాలతో పిలిచేది వేరే సంగతి, దాంతో ఇక్కడ పనిలేదు.) థ్రెడ్_లోకల్ అని ప్రకటించిన ప్రతి వేరియబుల్‌కీ ప్రతి థ్రెడ్‌లో ఒక్కో కాపీ ఉండేది ఇందులోనే.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేసరికి ఆ టీమ్ మూడు వారాలుగా దీంతో కుస్తీ పడుతోంది. ప్రొడక్షన్‌లో రెండు మూడు రోజులకోసారి క్రాష్. కోర్ డంప్ (క్రాష్ అయిన క్షణంలోని మెమరీ కాపీ) తెరిస్తే ప్రతిసారీ ఒకటే దృశ్యం: వర్కర్ థ్రెడ్ ఏదో స్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌ని ముట్టుకుంటుంది, దాని హెడర్‌లో ఉండాల్సిన టైప్ పాయింటర్ బదులు సంబంధం లేని స్ట్రింగ్ ముక్కలుంటాయి. మెయిన్ థ్రెడ్‌లో ఎప్పుడూ రాలేదు.

ఎప్పటినుంచి అని అడిగాను. ఫలానా రిలీజ్ నుంచి అన్నారు. ఆ రిలీజ్‌లో ఏం మారిందంటే పెద్దగా ఏమీ లేదు. ఫార్మాటింగ్ చేసే ఒక మాడ్యూల్‌ని మెయిన్ ప్రోగ్రామ్ నుంచి తీసి, డీఎల్ఓపెన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా, ఎక్కించే ప్లగిన్‌గా మార్చారు. "కోడ్‌లో ఒక్క లైను మారలేదు, ఫైలు చోటు మారిందంతే" అన్నారు. నేనూ నమ్మాను. ఆ వాక్యాన్ని అక్కడే ఆపి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఈ రాత సగానికి తగ్గేది.

ఇంకో చిన్న విషయం కూడా ఆరోజే చెప్పారు. ఏడాది కిందట ఎవరో ఈ ప్రోగ్రామ్‌ని మజల్ అనే చిన్న సీ లైబ్రరీతో బిల్డ్ చేస్తే మొదటి రోజే క్రాష్ అయిందట. మజల్‌లో థ్రెడ్ స్టాక్ డిఫాల్ట్‌గా 128 కేబీయే కాబట్టి స్టాక్ సరిపోలేదేమో అని టికెట్ మూసేశారు. దాన్ని నేను నోట్స్‌లో రాసుకుని మర్చిపోయాను.

ముందు తేల్చుకోవాల్సింది

ఆబ్జెక్ట్ స్థానంలో చెత్త ఉందంటే రెండు దారులున్నాయి. బతికున్న ఆబ్జెక్ట్‌ని కలెక్టర్ పొరపాటున తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చి ఉండాలి. లేదా ఎవరో హద్దు దాటి దాని మీద రాసి ఉండాలి. రెండూ కోర్ డంప్‌లో ఒకేలా కనిపిస్తాయి. వెతికే చోట్లు మాత్రం పూర్తిగా వేరు.

అందుకే ముందు కలెక్టర్‌లో ఒక మార్పు చేయించాను. చనిపోయిందనుకున్న ఆబ్జెక్ట్‌ని తిరిగి వాడకు, దాన్నిండా ఒక గుర్తు విలువ నింపి పక్కన పెట్టు. మెమరీ పెరుగుతుంది, పెరగనీ, టెస్ట్ సర్వరే కదా. దాంతోపాటు జీసీ చాలా తరచుగా నడిచేలా పెట్టాం. నాలుగు గంటల్లో క్రాష్ వచ్చింది, హెడర్‌లో మేం నింపిన గుర్తే ఉంది. అంటే కలెక్టరే చంపింది. బతికున్న ఆబ్జెక్ట్‌ని చూపించే పాయింటర్ ఎక్కడో ఉంది, కలెక్టర్ అక్కడ చూడటం లేదు.

మొదటి అనుమానం: రిజిస్టర్లు

కన్సర్వేటివ్ కలెక్టర్‌లో పాయింటర్ తప్పిపోయిందంటే నా చెయ్యి ముందు రిజిస్టర్ల వైపు పోతుంది. పాయింటర్ స్టాక్ మీద కాకుండా ప్రాసెసర్ లోపలి రిజిస్టర్‌లో ఉండిపోవచ్చు. అందుకే స్కాన్‌కి ముందు రిజిస్టర్లని స్టాక్ మీదికి దింపుతారు. ఈ రన్‌టైమ్ దానికి సెట్‌జంప్ (రిజిస్టర్లని ఒక బఫర్‌లో దాచే సీ ఫంక్షన్) వాడుతోంది, చాలామంది వాడే పాత చిట్కా.

చూస్తే అందులో నిజంగానే ఒక బగ్ ఉంది. జీలిబ్‌సీ సెట్‌జంప్ బఫర్‌లో కొన్ని విలువలని ఉన్నవున్నట్టు దాచదు. ఎక్స్86-64లో స్టాక్ పాయింటర్‌నీ, తిరిగి వెళ్లాల్సిన చిరునామానీ, ఆర్‌బీపీ రిజిస్టర్‌నీ ఒక రహస్య విలువతో ఎక్సార్ చేసి, బిట్లు తిప్పి దాస్తుంది. దాడి చేసేవాళ్లు ఆ బఫర్‌ని మార్చకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు అది. ఈ ప్రోగ్రామ్‌ని ఫ్రేమ్ పాయింటర్ లేకుండా కంపైల్ చేస్తారు, కాబట్టి ఆర్‌బీపీలో మామూలు పాయింటర్ ఏదైనా ఉండొచ్చు. అది బఫర్‌లోకి మారువేషంలో వెళ్తుంది, కలెక్టర్ గుర్తుపట్టదు.

సెట్‌జంప్ తీసేసి, కాపాడాల్సిన రిజిస్టర్లన్నిటినీ స్టాక్ మీద పెట్టించే కంపైలర్ బిల్టిన్ వాడాం. నాలుగు రోజులు క్రాష్ లేదు. టీమ్ అంతా ఊపిరి పీల్చుకుంది, నేను బిల్లు కూడా రాయబోయాను. ఐదో రోజు పొద్దున మళ్లీ అదే క్రాష్.

రెండు మూడు రోజులకోసారి వచ్చేది నాలుగు రోజులు రాకపోతే అది సాక్ష్యం కాదు. దొరికింది నిజమైన బగ్గే, కానీ మేం వెతుకుతున్న బగ్ కాదు.

రెండో అనుమానం: స్టాక్ హద్దులు

ఇప్పుడు హద్దుల వైపు వచ్చాను. రన్‌టైమ్ ప్రతి థ్రెడ్‌నీ నమోదు చేసుకునేటప్పుడు పీథ్రెడ్_గెటాటర్_ఎన్‌పీ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. అది నడుస్తున్న థ్రెడ్ స్టాక్ కింది చిరునామా, సైజు ఇస్తుంది. రెండూ కలిపితే పైకొస వస్తుంది. స్టాక్ పైకొస నుంచి కిందికి పెరుగుతుంది, కాబట్టి కలెక్టర్ ప్రస్తుత స్టాక్ పాయింటర్ నుంచి ఆ పైకొస దాకా చూస్తుంది.

ఈ ఫంక్షన్ గురించి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఒక్కోదాన్నీ చెక్ చేశాను. జీలిబ్‌సీ 2.27కి ముందు ఇచ్చే సైజులో గార్డ్ పేజీ (స్టాక్ హద్దు దాటితే పట్టుకోవడానికి కింద ఉంచే, ముట్టుకోకూడని పేజీ) కూడా కలిసి ఉండేది. కింది కొస నుంచి చదవడం మొదలుపెడితే సెగ్ ఫాల్టే. ఇక్కడ కొత్త వెర్షనే ఉంది, పైగా కలెక్టర్ కింది కొసని ముట్టుకోదు. మెయిన్ థ్రెడ్‌కైతే ఈ ఫంక్షన్ ప్రాసెస్ మ్యాప్స్ ఫైలు (ఏ మెమరీ ఎక్కడుందో కెర్నెల్ చూపే జాబితా) తెరిచి చదువుతుంది, స్టాక్ లిమిట్ చూసి సైజు లెక్కేస్తుంది. అంటే సిగ్నల్ హ్యాండ్లర్‌లోంచి పిలిచే సరుకు కాదు. ఆ సైజంతా నిజంగా మ్యాప్ అయి ఉందని కూడా అనుకోకూడదు, మెయిన్ స్టాక్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి. ఇక్కడ థ్రెడ్ మొదట్లో ఒకసారే, మామూలు సందర్భంలోనే పిలుస్తున్నారు. తప్పు లేదు.

అప్పుడే ఒక విషయం స్పష్టమైంది, ముందే అనుకోవాల్సింది. "స్టాక్ హద్దు" అని అందరం ఒకే మాట అంటాం గానీ ఏ పనికి ఏ కొస కావాలో వేరు. స్టాక్ ఓవర్‌ఫ్లో పసిగట్టాలంటే కింది కొస కావాలి. జీసీకి కింది కొసతో పనే లేదు, పైకొస చాలు.

మ్యాప్స్ ఫైలుతో పోల్చి చూశాను. ఇదీ నేరుగా నమ్మదగ్గది కాదు. ఒకప్పుడు, లైనక్స్ 3.4 నుంచి 4.4 దాకా, ఏ మ్యాపింగ్ ఏ థ్రెడ్ స్టాకో పక్కన రాసి ఉండేది. 4.5లో తీసేశారు. ఇప్పుడు వర్కర్ స్టాక్‌లన్నీ పేరు లేని మ్యాపింగ్‌లే. పక్కపక్కన ఒకే పర్మిషన్లతో ఉన్నవాటిని కెర్నెల్ కలిపేస్తుంది కూడా. గార్డ్ పేజీలు మధ్యలో ఉండబట్టి విడివిడిగా కనిపిస్తాయి గానీ, స్టాక్ పైన ఇంకేదైనా అతుక్కుని ఉంటే మ్యాప్స్ చూసి చెప్పలేం. ఏమైనా, ఫంక్షన్ చెప్పిన హద్దులు మ్యాప్స్‌తో సరిపోయాయి.

సరిపోవడమే కాదు, కాస్త ఎక్కువే ఉన్నాయి. ఒక వర్కర్ థ్రెడ్ బ్యాక్‌ట్రేస్ (ఫంక్షన్ పిలుపుల వరస) తీసి, అన్నిటికంటే పైనున్న ఫ్రేమ్ (ఒక్కో పిలుపుకి స్టాక్‌లో ఉండే వాటా) ఎక్కడుందో చూశాను. దానికీ స్టాక్ పైకొసకీ మధ్య నాలుగైదు కిలోబైట్ల ఖాళీ. ఎవరి ఫ్రేమూ కాని మెమరీ. "ఏదో లైబ్రరీ సొంత లెక్క అయి ఉంటుంది, ఎక్కువ చూస్తే నష్టమేముంది" అనుకుని ముందుకెళ్లిపోయాను. జవాబు అక్కడే ఉంది.

గుడ్డెద్దు చేలో పడ్డట్టు

ఆలోచన అయిపోయాక మోటు పద్ధతి పట్టాం. రాయదగ్గ మెమరీ అంతా, మ్యాప్స్‌లో ఏది కనిపిస్తే అది, కలెక్టర్ చేత స్కాన్ చేయించాం. ఒక్కో జీసీ సెకన్ల తరబడి నడిచింది. చచ్చిన ఆబ్జెక్ట్‌లు కూడా ఎక్కడో పాత విలువ కనిపించి బతికిపోయాయి. ఇది పరిష్కారం కాదని అందరికీ తెలుసు. నాకు కావాల్సింది ఒక్క జవాబు: క్రాష్ ఆగుతుందా? ఆగింది. ఈసారి నాలుగు రోజులు చూడక్కర్లేదు, గుర్తు విలువ నింపే మోడ్‌లో నాలుగైదు గంటల్లో వచ్చేది రెండు రోజులు రాలేదు.

అంటే పాయింటర్ ఈ మెమరీలోనే ఎక్కడో ఉంది. ఒక్కో ప్రాంతాన్ని తీసేస్తూ వచ్చాం. గ్లోబల్ డేటా తీసేస్తే మార్పు లేదు, ఎందుకంటే దాన్ని కలెక్టర్ మొదటినుంచీ విడిగా చూస్తూనే ఉంది. లైబ్రరీల రైటబుల్ భాగాలూ అంతే. మాలాక్ అరీనాలు (సీ లైబ్రరీలోని మాలాక్ ఫంక్షన్ మెమరీ పంచే ప్రాంతాలు) తీసేయగానే క్రాష్ తిరిగొచ్చింది.

మాలాక్ హీప్‌లో స్క్రిప్ట్ పాయింటర్లు పెట్టకూడదని ఈ టీమ్‌లో కట్టుబాటు ఉంది, కోడ్ రివ్యూలో గట్టిగా చూస్తారు. మరి ఎవరు పెట్టారు?

కలెక్టర్ ఒక ఆబ్జెక్ట్‌ని చంపబోయే ముందు "ఈ చిరునామా మాలాక్ అరీనాల్లో ఎక్కడైనా ఉందా" అని చూసి, ఉంటే ఆగిపోయేలా పెట్టాం. ఆగింది. డీబగ్గర్‌లో ఆ చోటు చూశాను. ఒకే ఒక్క ఎనిమిది బైట్ల గడి. దాని ముందు గడిలో ఒక చిన్న అంకె, వెనక గడిలో సున్నా. ఏ స్ట్రక్ట్ ఇది? ప్లగిన్ సోర్స్ తెరిస్తే పైభాగంలో వరసగా మూడు వేరియబుల్స్ కనిపించాయి: ఒక కౌంటర్, చివరిసారి వాడిన ఫార్మాట్ ఆబ్జెక్ట్‌కి పాయింటర్, ఒక జెండా. మూడింటి ముందూ థ్రెడ్_లోకల్ అని ఉంది. డీబగ్గర్‌ని ఆ థ్రెడ్‌కి మార్చి రెండో వేరియబుల్ చిరునామా అడిగాను. నేను చూస్తున్న గడి చిరునామాయే వచ్చింది, చివరి అంకె దాకా.

అసలు జరిగింది

జీలిబ్‌సీ కొత్త థ్రెడ్ సృష్టించేటప్పుడు ఒకే పెద్ద మెమరీ ముక్క తీసుకుంటుంది. కింద గార్డ్ పేజీ, దానిపైన స్టాక్. ఆ ముక్క పైకొసలో రెండు వస్తువులు పెడుతుంది. అన్నిటికంటే పైన థ్రెడ్ గురించి తన సొంత వివరాలుండే స్ట్రక్ట్ పీథ్రెడ్. దాని కిందే, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పటికే ఎక్కిన మాడ్యూళ్ల థ్రెడ్_లోకల్ వేరియబుల్స్, అంటే స్టాటిక్ టీఎల్‌ఎస్. స్టాక్ ఫ్రేమ్‌లు వీటి కింద మొదలవుతాయి. ఎఫ్‌ఎస్ రిజిస్టర్ ఆ స్ట్రక్ట్ మొదటికి చూపిస్తుంది, ఎక్స్86-64లో టీఎల్‌ఎస్ వేరియబుల్స్‌ని దానికి ఇంత కింద అని లెక్కపెట్టి అందుకుంటారు.

పీథ్రెడ్_గెటాటర్_ఎన్‌పీ చెప్పే పైకొస ఆ మొత్తం ముక్క పైకొస. టీఎల్‌ఎస్‌ని మినహాయించదు. అందుకే పెద్ద థ్రెడ్_లోకల్ అరే పెట్టుకుంటే అడిగిన స్టాక్ సైజులోంచే అది కోత పడుతుంది. నేను చూసి వదిలేసిన నాలుగైదు కిలోబైట్ల ఖాళీలో ఉన్నవి ఈ రెండే.

మాడ్యూల్ మెయిన్ ప్రోగ్రామ్‌లో ఉన్నంతకాలం ఆ ఫార్మాట్ పాయింటర్ స్టాటిక్ టీఎల్‌ఎస్‌లో ఉండేది. కలెక్టర్ స్టాక్ చూస్తున్నాననుకుంటూ టీఎల్‌ఎస్‌ని కూడా చూసేసేది. ఎవరూ రాయని, ఎవరికీ తెలియని సౌకర్యం. ప్లగిన్‌గా మారి డీఎల్ఓపెన్‌తో ఎక్కడం మొదలయ్యాక కథ మారింది. అలా తర్వాత ఎక్కిన మాడ్యూల్ టీఎల్‌ఎస్ బ్లాక్‌ని జీలిబ్‌సీ మామూలుగా ముందే కేటాయించదు. ఏ థ్రెడ్ ఆ వేరియబుల్‌ని మొదటిసారి ముట్టుకుంటుందో ఆ థ్రెడ్ కోసం అప్పుడు మాలాక్‌లోంచి తీస్తుంది. ఆ చిరునామాని థ్రెడ్ దగ్గరుండే డీటీవీ అనే పట్టికలో మాడ్యూల్ నంబర్ పక్కన రాసుకుంటుంది. కోడ్‌లో ఒక్క లైను మారలేదన్న మాట నిజమే. వేరియబుల్ ఇల్లు మారింది.

మెయిన్ థ్రెడ్ సంగతేంటి? దాని స్టాక్ కెర్నెల్ ఇచ్చింది, దాని టీఎల్‌ఎస్‌ని లోడర్ (మాడ్యూళ్లని మెమరీలోకి ఎక్కించే భాగం) విడిగా కేటాయించింది. అంటే మెయిన్ థ్రెడ్‌లో ఈ సౌకర్యం ఏనాడూ లేదు. అయినా క్రాష్ ఎందుకు రాలేదంటే, ఫార్మాటింగ్ పని వర్కర్లే చేస్తాయి. మెయిన్ థ్రెడ్ ఆ వేరియబుల్‌ని ముట్టుకోనే ముట్టుకోదు.

నా మాట మీదే నాకు నమ్మకం కుదరాలని ముప్పై లైన్ల ప్రోగ్రామ్ రాశాను. ఒకే వేరియబుల్ మెయిన్ ప్రోగ్రామ్‌లో ఒకటి, డీఎల్ఓపెన్ చేసిన లైబ్రరీలో ఒకటి. వర్కర్‌లో మొదటిది "స్టాక్" లోపల, పైకొసకి 2,300 బైట్ల పైచిలుకు కింద. రెండోది బయట. మెయిన్ థ్రెడ్‌లో రెండూ బయటే. ఆ అవుట్‌పుట్ టీమ్‌కి చూపించాక ఇంక వాదన జరగలేదు.

పని చేయని పరిష్కారాలు

సమస్య తెలిశాక పరిష్కారం తేలికనుకున్నాం. టీఎల్‌ఎస్ బ్లాక్‌ల హద్దులు తెలుసుకుని వాటినీ స్కాన్ చేస్తే సరి. దానికి జీలిబ్‌సీలో డీఎల్_ఇటరేట్_పీహెచ్‌డీఆర్ ఉంది. ఎక్కిన ప్రతి మాడ్యూల్‌కీ ఒకసారి మన ఫంక్షన్‌ని పిలుస్తుంది. టీఎల్‌ఎస్ సెగ్మెంట్ హెడర్‌లోని మెమరీ సైజు బ్లాక్ పొడవు చెబుతుంది, ఇంకో ఫీల్డ్ బ్లాక్ మొదలు చెబుతుంది. హద్దులు రెండూ దొరికాయి.

మొదటి ప్రయత్నం: కలెక్టర్ అందరినీ ఆపేశాక తానే పిలిచింది. టెస్ట్ అదే చోట పడింది. ఆ ఫీల్డ్ ఇచ్చేది పిలిచిన థ్రెడ్ బ్లాక్‌ని మాత్రమే. కలెక్టర్ తన టీఎల్‌ఎస్‌నే అరవై సార్లు చూసుకుంది. కాస్త నవ్వుకున్నాం.

రెండోది: ప్రతి థ్రెడ్ నమోదయ్యేటప్పుడు తన హద్దులు తానే రాసుకుంటుంది. ఈసారి ప్లగిన్ బ్లాక్ చిరునామా శూన్యం. థ్రెడ్ అప్పటికి ఆ వేరియబుల్‌ని ముట్టుకోలేదు కాబట్టి బ్లాకే పుట్టలేదు. ఈ ఫంక్షన్ ఉన్నదాన్ని చెబుతుందే తప్ప లేనిదాన్ని పుట్టించదు.

మూడోది: ఇది టీమ్‌లో చురుకైన ఒకరి ఐడియా. ప్రతి థ్రెడ్‌కీ సిగ్నల్ పంపి, హ్యాండ్లర్‌లో ఆ పిలుపు చేయించి, అక్కడే ఆపేయడం. మొదటి సాయంత్రమే సర్వర్ బిగుసుకుపోయింది. బ్యాక్‌ట్రేస్‌లు తీస్తే ఒక థ్రెడ్ లోడర్ లాక్ పట్టుకుని ఉండగా సిగ్నల్ వచ్చి హ్యాండ్లర్‌లో నిద్రపోయింది. ఇంకో థ్రెడ్ హ్యాండ్లర్‌లో అదే లాక్ కోసం కాచుకుని ఉంది. ఎవరూ ఎవరినీ లేపరు. డెడ్‌లాక్‌లలో ఇంత నీటుగా కనిపించేది అరుదు.

నాలుగోది పనిచేసింది, అయినా నేనే తీయించాను. ఆగి ఉన్న థ్రెడ్ ఎఫ్‌ఎస్ విలువ పట్టుకుని, దాని డీటీవీ పట్టికని కలెక్టరే నేరుగా చదవడం. డీబగ్గర్లు చేసేది దాదాపు ఇదే, కాకపోతే అవి దానికోసమే ఉన్న సహాయక లైబ్రరీ ద్వారా చేస్తాయి. మేం చేసింది జీలిబ్‌సీ లోపలి అమరికని మన కోడ్‌లో కాపీ కొట్టడం. రేపు వాళ్లు ఒక ఫీల్డ్ జరిపితే కంపైల్ అవుతుంది, నడుస్తుంది, మెల్లగా తప్పు చదువుతుంది. మూడు వారాలు ఏడిపించింది సరిగ్గా ఇలాంటి అదృష్టం మీద ఆధారపడటమే. ఒకదాని బదులు ఇంకొకటి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. టీమ్ లీడ్ ఒప్పుకోలేదు, ఒక రోజంతా వాదించుకున్నాం. చివరికి ఒప్పుకున్నది నా వాదన విని కాదు. వాళ్లకి ఇంకో ప్రాసెసర్ మీద కూడా బిల్డ్ ఉందని గుర్తొచ్చి. ఆర్మ్ 64లో టీఎల్‌ఎస్ థ్రెడ్ పాయింటర్‌కి పైన ఉంటుంది, కింద కాదు.

పని చేసింది

రెండు పొరలుగా చేశాం.

మొదటి పొర, సొంత కోడ్‌కి. స్క్రిప్ట్ పాయింటర్‌ని థ్రెడ్_లోకల్‌లో ఉట్టిగా పెట్టకూడదు. ఒక చిన్న తొడుగు క్లాస్‌లో పెట్టాలి. దాని కన్‌స్ట్రక్టర్ తన చిరునామాని ఆ థ్రెడ్ రూట్‌ల (కలెక్టర్ తప్పక చూసే చోట్ల) జాబితాలో చేర్చుతుంది, డిస్ట్రక్టర్ తీసేస్తుంది. థ్రెడ్_లోకల్ ఆబ్జెక్ట్ కన్‌స్ట్రక్టర్ ఆ థ్రెడ్‌లోనే, మొదటిసారి వాడేటప్పుడు నడుస్తుంది కాబట్టి బ్లాక్ ఎక్కడ పుట్టినా తానే వచ్చి పేరు రాయించుకుంటుంది. హద్దులు వెతికే పనే లేదు. అసలు ఇదొక్కటే చాలు అనేవాణ్ని, బయటివాళ్లు రాసిన, మళ్లీ కంపైల్ చేయించలేని ప్లగిన్లు లేకపోతే.

వాటికోసం రెండో పొర. ఈ రన్‌టైమ్‌లో థ్రెడ్లు సేఫ్‌పాయింట్ (జీసీ కోసం ఆగడానికి కోడ్‌లో పెట్టిన చోటు) దగ్గర తమంతట తామే ఆగుతాయి. "నేను ఆగాను" అని ప్రకటించడానికి ముందే ప్రతి థ్రెడ్ డీఎల్_ఇటరేట్_పీహెచ్‌డీఆర్ పిలిచి తన బ్లాక్‌ల హద్దులు రాసిపెడుతుంది. రాయడానికీ ఆగడానికీ మధ్య ఏ కోడూ నడవదు, కాబట్టి కొత్త బ్లాక్ పుట్టే సందు లేదు. లాక్ సంగతి జాగ్రత్తగా చూశాం. ప్లగిన్ కన్‌స్ట్రక్టర్ స్క్రిప్ట్‌ని పిలిస్తే డీఎల్ఓపెన్ మధ్యలోనే సేఫ్‌పాయింట్ రావచ్చు. కానీ కన్‌స్ట్రక్టర్లు నడిచేటప్పుడు లోడర్ పట్టుకునే లాక్ వేరు, ఈ ఫంక్షన్ తీసుకునే లాక్ వేరు. రెండోది మాడ్యూళ్ల జాబితా మార్చే కాసేపే పట్టుకుంటారు, ఆ కాసేపట్లో మన థ్రెడ్ సేఫ్‌పాయింట్‌కి రాలేదు.

రన్‌టైమ్ బయట, సిస్టమ్ కాల్‌లో ఉన్న థ్రెడ్లు బయటికి పోయేటప్పుడే రాసిపెట్టి పోతాయి. బయట ఉన్నంతసేపూ స్క్రిప్ట్ పాయింటర్లని ముట్టుకోకూడదన్న నియమం ముందునుంచే ఉంది. ఈ ప్రోగ్రామ్ ప్లగిన్‌ని ఒకసారి ఎక్కిస్తే దింపదు కూడా, అది ఒక తలనొప్పి తగ్గించింది.

జీసీ ఆగే సమయం కొంచెం పెరిగింది. ప్రతి థ్రెడ్ ప్రతిసారీ మాడ్యూళ్లన్నీ తిరగడం దండగ కదా. పిలుపులో ఎన్ని మాడ్యూళ్లు ఎక్కాయి, ఎన్ని దిగాయి అనే లెక్కలు రెండు వస్తాయి. అవి మారకపోతే మొదటి పిలుపులోనే ఆపేసి పాత హద్దులే వాడదామన్నారు. దాదాపు సరే, ఒక్క షరతు మీద: పాత జాబితాలో శూన్యంగా ఉన్న బ్లాక్ ఒక్కటి కూడా ఉండకూడదు. మాడ్యూల్ కొత్తగా ఎక్కకపోయినా, థ్రెడ్ దాన్ని ఇప్పుడే మొదటిసారి ముట్టుకుని ఉండొచ్చు. ఈ షరతు లేకుండా మెర్జ్ చేసి ఉంటే అదే బగ్ ఇంకా అరుదుగా తిరిగొచ్చేది.

అదృష్టాన్ని తీసేయడం

ఇక్కడితో ఆపొచ్చు. కానీ స్టాక్ స్కాన్ ఇంకా పైకొస దాకా పోతూ ఆ నాలుగైదు కిలోబైట్లని చూస్తూనే ఉంది. అది ఉన్నంతకాలం ఎవరైనా తొడుగు మర్చిపోయినా మెయిన్ ప్రోగ్రామ్‌లో పనిచేస్తుంది, టెస్టులు పాసవుతాయి, ఎప్పుడో కోడ్ చోటు మారాక పేలుతుంది.

అందుకే స్కాన్ పైకొసని మార్చాం. లైబ్రరీ చెప్పే పైకొస బదులు, థ్రెడ్ మొదటి ఫంక్షన్‌లోకి అడుగుపెట్టినప్పటి ఫ్రేమ్ చిరునామా రాసుకుని అక్కడిదాకే చూడటం. తెలిసి తెలిసి తక్కువ చూస్తున్నామని ఒకరు గొణిగారు. అవును, కావాలనే.

మార్చిన పది నిమిషాల్లో టెస్టులు రెండు చోట్ల పడ్డాయి. ఒకటి ఊహించిందే, తొడుగు వేయని పాత థ్రెడ్_లోకల్. రెండోది ఊహించలేదు. అందులో థ్రెడ్_లోకలే లేదు, పీథ్రెడ్_సెట్‌స్పెసిఫిక్‌తో (థ్రెడ్‌కి ఒక్కో విలువ దాచే ఇంకో పద్ధతి) కీ కింద దాచిన పాయింటర్. జీలిబ్‌సీ మొదటి 32 కీల విలువలని స్ట్రక్ట్ పీథ్రెడ్ లోపలే ఉంచుతుంది, ఆపైవాటికి విడిగా మెమరీ తీసుకుంటుంది. ఈ మాడ్యూల్‌కి ఎప్పుడూ ఆ 32 లోపు కీయే దొరకడం వల్ల ఇన్నేళ్లూ బతికిపోయింది. ఇంకో లైబ్రరీ దానికంటే ముందు నాలుగు కీలు ఎక్కువ తీసుకుని ఉంటే అది కూడా క్రాష్ జాబితాలో చేరేది. దాన్నీ తొడుగులోకి మార్చాం.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు హద్దుల గురించి ఎవరైనా అడిగితే ముందు ఎందుకు అని అడుగుతున్నాను. ఓవర్‌ఫ్లోకా, జీసీకా, డీబగ్గింగ్‌కా అన్నదాన్ని బట్టి కావాల్సిన కొస మారుతుంది. టీఎల్‌ఎస్‌ని స్టాక్‌లో భాగంగా ఎప్పుడూ లెక్కించను, ఒకే మ్యాపింగ్‌లో కనిపించినా సరే. ఇంకో సిస్టమ్‌కి పోర్ట్ చేసేటప్పుడు ఏ ఫంక్షన్ ఏ కొస ఇస్తుందో టెస్ట్ రాసి మరీ చూస్తాను. మాక్‌లో స్టాక్ చిరునామా ఇచ్చే ఫంక్షన్ పైకొసని ఇస్తుంది, లైనక్స్‌లో కింది కొసని. ఈ ఒక్క తేడాతో ఎన్ని గంటలు పోగొట్టుకున్నానో చెప్పుకోను. లెక్కకి మించి కనిపించిన నాలుగు కిలోబైట్లని "ఎక్కువే కదా" అని వదిలేయడం కూడా మానేశాను.

ఇక ఆ మజల్ టికెట్. మజల్ కూడా టీఎల్‌ఎస్‌ని థ్రెడ్ మ్యాపింగ్ పైభాగంలోనే పెడుతుంది, కానీ స్టాక్ హద్దు అడిగితే దాన్ని తీసేసి చెబుతుంది. మా కలెక్టర్‌కి అక్కడ మొదటి రోజునుంచే టీఎల్‌ఎస్ కనిపించలేదన్నమాట. పని అంతా అయ్యాక ఆ టికెట్ వెతికి చదివాను. స్టాక్ సైజు 8 ఎంబీకి పెంచి చూశానని, అయినా క్రాష్ ఆగలేదని రిపోర్ట్ చేసినతను మూడో కామెంట్‌లో రాశాడు. దానికింద ఎవరూ ఏమీ రాయలేదు.